ఆ వీడియోలో విలన్ మ్యూజిక్ ఎవరి మీద వేశారు? తెలుగు సంఘాల యువజన విభాగాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల యువజన, సాంస్కృతిక విభాగాల పెద్దలకు నమస్కారం.

ఈ మధ్య మన సంఘం ఒకటి హైస్కూలు పిల్లల కోసం డ్రగ్స్ మీద అవగాహన సదస్సు పెట్టి, అందులో ఒక వీడియో వేసింది. ఆ వీడియోను ఇక ఎక్కడా వేయొద్దని, దాని బదులు వేరేది తయారు చేయించమని అడగడానికే ఈ ఉత్తరం. సంఘం పేరు రాయడం లేదు. అదే వీడియో, అలాంటివే మరికొన్ని, రాష్ట్రాలు దాటి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. తప్పు ఒక్కరి మీద తోసేస్తే మిగతావాళ్లు తమ దగ్గరున్నది అలాగే ఉంచుకుంటారు.

నేను న్యూ జెర్సీలో ఉంటాను. వీడియోలకు సౌండ్ ఎడిటింగ్ చేయడం నా పని. అందుకని ఆ వీడియో ఎలా వినిపించిందో ముందు చెప్తాను. మొదట మన పిల్లవాడు కనిపిస్తాడు. టేబుల్ మీద పుస్తకాలు, కిటికీలోంచి ఎండ, వెనక వీణ. తర్వాత స్కూలు బయట వీధి మలుపు. అక్కడ హుడీ వేసుకున్న నల్లజాతి కుర్రాడు ఒకడు నిలబడి ఉంటాడు. అతని ముఖం తెర మీదికి రాగానే వీణ తెగిపోతుంది. అడుగున బరువైన బేస్ మొదలవుతుంది, దాని మీద ర్యాప్ బీట్, ఎక్కడో దూరంగా పోలీసు సైరన్. మన సినిమాల్లో విలన్ ఎంట్రీకి వేసే బీజీఎం ఎలా ఉంటుందో అచ్చం అలాగే. అతను ఒక్క మాట మాట్లాడడు. చేతిలో ఏముందో కూడా కనపడదు. అది ఎక్కడో కొన్న స్టాక్ ఫుటేజ్ అని చూడగానే తెలుస్తోంది. కెమెరా ముందు నిలబడిన ఆ కుర్రాడు బహుశా బస్సు కోసం ఎదురుచూస్తున్నాడేమో. శబ్దం తీసేసి చూడండి, ఆ షాట్‌లో నేరం అన్నది ఎక్కడా లేదు. నేరమంతా సౌండ్ ట్రాక్‌లోనే ఉంది.

ఆ వీడియో చేసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. మన పిల్లల గురించి తల్లిదండ్రులు పడే టెన్షన్ నిజమైనది. ఫెంటనిల్ అనే ప్రమాదకరమైన మత్తుమందు కలిసిన నకిలీ మాత్ర ఒక్కటి ప్రాణం తీస్తున్న రోజులివి. పిల్లలకు చెప్పాల్సిందే. కానీ ఈ దేశంలో డ్రగ్స్ గురించి చెప్పేటప్పుడు ఏ ముఖం పక్కన ఏ శబ్దం పెడతామన్నది చిన్న విషయం కాదు. అలాంటి దృశ్యాలు, అలాంటి శబ్దాలు ఇక్కడ చట్టాలు చేయించాయి. ఆ చట్టాలు లక్షల మందిని జైళ్లలోకి తోశాయి.

1986 జూన్ 19న లెన్ బయస్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు చనిపోయాడు. మేరీలాండ్ యూనివర్సిటీలో ఆడి, రెండు రోజుల ముందే బోస్టన్ సెల్టిక్స్ జట్టుకు ఎంపికయ్యాడు. వయసు 22. తీసుకున్నది కొకైన్ పొడి. అయినా క్రాక్ అనే చవక రకం కొకైన్ వల్ల పోయాడన్న ప్రచారం దేశమంతా పాకిపోయింది. ఆ ఎండాకాలమంతా టీవీల్లో క్రాకే. సెప్టెంబరులో సీబీఎస్ ఛానల్ రెండు గంటల ప్రత్యేక కార్యక్రమం వేసింది. రాత్రిపూట వీధులు, చేతిలో ఊగుతున్న కెమెరా, తలుపులు బద్దలు కొట్టే పోలీసులు. అక్టోబరు 27కల్లా కొత్త చట్టం మీద ప్రెసిడెంట్ రేగన్ సంతకం పడిపోయింది. అంత పెద్ద చట్టానికి నాలుగు నెలలు.

ఆ చట్టంలో ఏముందో పిల్లలకు చూపించాలంటే నేనైతే ఒక టేబుల్, కొంచెం పంచదార అడుగుతాను. టేబుల్‌కు ఒక పక్క అర కిలో పంచదార ప్యాకెట్. ఇంకో పక్క ఒక చిన్న చెంచాడు పంచదార, అంటే సుమారు 5 గ్రాములు. కొకైన్ పొడి 500 గ్రాములు అమ్ముతూ దొరికితే కనీసం 5 ఏళ్ల జైలు. అదే క్రాక్ అయితే 5 గ్రాములకే కనీసం 5 ఏళ్లు. క్రాక్ అంటే వేరే పదార్థం ఏమీ కాదు. అదే కొకైన్ పొడిని వంటసోడా, నీళ్లు కలిపి ఉడికిస్తే గట్టిపడే గడ్డలు. పొడి ఖరీదైనది, డబ్బున్నవాళ్ల పార్టీల్లో తిరిగేది. గడ్డ చవక, పేద నల్లజాతి వాడల్లో చిల్లరగా అమ్ముడయ్యేది. 1992 నుంచి 2006 దాకా ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్ష పడినవాళ్లలో 80 శాతానికి పైగా నల్లజాతి వాళ్లే. ఈ ఒకటికి నూరు లెక్కను 2010లో ఒకటికి పద్దెనిమిదికి తగ్గించారు. అప్పటికే జైల్లో ఉన్నవాళ్లకు ఆ తగ్గింపు వర్తింపజేయడానికి 2018 దాకా పట్టింది. పూర్తిగా సమానం చేసే బిల్లు 2021లో ప్రతినిధుల సభలో 361 ఓట్లతో గెలిచి సెనేట్ దగ్గర ఆగిపోయింది. అంటే తేడా ఇంకా ఉంది.

ఆ చెంచా, ఆ ప్యాకెట్ చూపించే షాట్‌కు సంగీతం అక్కర్లేదు. చెంచా టేబుల్‌కు తగిలిన చప్పుడు, ప్యాకెట్ దించిన చప్పుడు, అంతే. మైకు దగ్గరగా పెట్టి తీస్తే ఆ రెండు చప్పుళ్లలోని తేడా పదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. రెండింటి మీదా ఒకే సంఖ్య, 5 ఏళ్లు.

తెర కోసం నేరాన్ని తయారు చేసిన ఉదంతం ఒకటుంది. మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1989 సెప్టెంబరు 5 రాత్రి ప్రెసిడెంట్ బుష్, అంటే పెద్ద బుష్, తన ఆఫీసు నుంచి దేశం మొత్తానికి టీవీలో మాట్లాడారు. మాట్లాడుతూ ఒక ప్లాస్టిక్ సంచి పైకెత్తి చూపించారు. ఇది క్రాక్, వైట్ హౌస్ ఎదురుగా ఉన్న పార్కులోనే పట్టుకున్నాం అని చెప్పారు. చూస్తున్నవాళ్ల గుండెలు గుభేలుమన్నాయి. కొద్ది వారాల్లోనే వాషింగ్టన్ పోస్ట్ అసలు సంగతి బయటపెట్టింది. ప్రసంగంలో చూపించడానికి సరుకు కావాలని డ్రగ్స్ విభాగం ఏజెంట్లే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి ఆ పార్కుకు రప్పించారు. అతను హైస్కూలు చదువుతున్నాడు. ఊళ్లో వేరే చోట అమ్మేవాడు. వైట్ హౌస్ ఎక్కడుందో కూడా అతనికి తెలియదు, దారి చెప్పాల్సి వచ్చింది. ఆ పార్కులో అమ్మకం మీద జ్యూరీ ఒక నిర్ణయానికి రాలేకపోయింది. కానీ అంతకుముందు అమ్మినవాటి కింద అతనికి పదేళ్లు పడింది. అంత శిక్ష వేయడం ఇష్టం లేకపోయినా, చట్టం తన చేతులు కట్టేసిందని జడ్జి బాధపడ్డారు.

నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ కథ ఒళ్లు జలదరించేది. ఒక షాట్ బాగా రావాలన్న కోరిక ఒక హైస్కూలు కుర్రాణ్ణి పదేళ్ల జైలు శిక్ష దాకా తీసుకెళ్లింది.

ఇక శబ్దం సంగతి. అదే కాలంలో 'క్రాక్ బేబీలు' అంటూ టీవీల్లో చూపించిన పసిపిల్లలను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఇంక్యుబేటర్‌లో వణికిపోతున్న బుల్లి చేయి, ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా ఏడుపు. ఒక తరం మొత్తం మెదడు దెబ్బతిని పుడుతోందన్నారు. ఫిలడెల్ఫియాలో హాలం హర్ట్ అనే పిల్లల డాక్టర్ 1989లో రెండు వందల మందికి పైగా పిల్లలతో పరిశోధన మొదలుపెట్టి, వాళ్లు పెద్దయ్యేదాకా వెంట ఉన్నారు. కడుపులో ఉండగా కొకైన్ సోకిన పిల్లలకు, అదే పేదవాడల్లో పుట్టి కొకైన్ సోకని పిల్లలకు చెప్పుకోదగ్గ తేడా ఆమెకు కనపడలేదు. రెండు గుంపులనూ దెబ్బతీసింది పేదరికం. నెలలు నిండకుండా పుట్టిన ఏ బిడ్డయినా వణుకుతుంది, ఏడుస్తుంది. కానీ ఆ ఏడుపు టీవీలో ఎన్నిసార్లు మోగిందంటే, గర్భంతో ఉన్న నల్లజాతి ఆడవాళ్లను పోలీసులకు పట్టివ్వడం న్యాయమేనని చాలామందికి అనిపించింది. సౌత్ కరోలినాలో చార్లెస్టన్ ఆసుపత్రిలో గర్భిణులకు చెప్పకుండా మూత్ర పరీక్షలు చేసి ఫలితాలు పోలీసులకు ఇచ్చారు. అరెస్టయినవాళ్లలో దాదాపు అందరూ నల్లజాతి స్త్రీలు. అది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు 2001లో చెప్పేదాకా ఆ తల్లుల గోడు ఎవరికీ పట్టలేదు.

ఇరవై ఏళ్లు గడిచాయి. నొప్పి మాత్రలు, హెరాయిన్ తెల్లవాళ్ల ఊళ్లలోకి వచ్చాయి. ఇప్పుడు టీవీ కథనాల్లో ఏం వినిపిస్తోందో ఒకసారి శ్రద్ధగా వినండి. మెల్లగా పియానో. ఇంటి వెనక ఊయల, స్కూలు ఫోటో, తల్లి సోఫాలో కూర్చుని కొడుకు చిన్నప్పటి ముచ్చట్లు చెప్పడం. ఇది జబ్బు, వైద్యం కావాలి అనే మాట. ఆ మాట సరైనదే. ఆ తల్లి దుఃఖం నిజమైనదే. నేను అడిగేది ఒక్కటే, 1986లో ఆ పియానో ఎక్కడికి పోయింది? హార్లెంలోనూ, వాషింగ్టన్ వాడల్లోనూ తల్లులు లేరా, వాళ్లకు సోఫాలు లేవా, వాళ్ల పిల్లలకు స్కూలు ఫోటోలు లేవా? ఒకే వ్యసనానికి రెండు బీజీఎంలు కట్టారు. ఒకటి విన్నవాళ్లు ఆసుపత్రి కట్టమన్నారు, ఇంకొకటి విన్నవాళ్లు జైలు కట్టమన్నారు. మీ వీడియోలో వీణ తెగి సైరన్ మొదలయ్యే ఆ క్షణం సరిగ్గా ఈ గీత మీదే ఉంది.

'నల్లవాళ్లే ఎక్కువ వాడతారు, అమ్ముతారు, అందుకే ఎక్కువ దొరుకుతారు కదా' అని మనవాళ్లు అనడం విన్నాను. ఇంట్లో ఎలాంటి మాటలు వాడతామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. లెక్కలు అలా చెప్పడం లేదు. గంజాయి తీసుకున్నామని సర్వేల్లో చెప్పేవాళ్లు తెల్లవాళ్లలో, నల్లవాళ్లలో దాదాపు సమానంగా ఉంటారు. అయినా గంజాయి దగ్గరున్నందుకు నల్లజాతి వ్యక్తి అరెస్టయ్యే అవకాశం దేశం మొత్తమ్మీద 3.73 రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2013లో లెక్క తేల్చింది. 2020లో మళ్లీ లెక్క వేస్తే 3.64. మధ్యలో ఎన్నో రాష్ట్రాలు గంజాయిని లీగల్ చేశాయి, అయినా ఆ తేడా కదల్లేదు.

మన న్యూ జెర్సీనే చూడండి. ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా వైపు వెళ్లాలంటే మనం ఎక్కే టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద ఒకప్పుడు ట్రూపర్లు, అంటే రాష్ట్ర పోలీసులు, డ్రగ్స్ పేరు చెప్పి నల్లజాతి డ్రైవర్ల కార్లను ఏరి ఏరి ఆపేవారు. 1996లో రాష్ట్ర కోర్టు ఒకటి ఆ సంగతి తేల్చింది. 1998లో ఆ రోడ్డు మీద ఆపిన వ్యాన్‌లోని కుర్రాళ్ల మీద ట్రూపర్లు కాల్పులు జరిపాక, 1999లో రాష్ట్ర ప్రభుత్వమే రంగు చూసి ఆపుతున్న మాట నిజమేనని ఒప్పుకుంది.

ఇంకొకటి స్కూళ్లకు సంబంధించినది కాబట్టి మీకు బాగా పనికొస్తుంది. 1987లో ఈ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం స్కూలుకు 1,000 అడుగుల లోపు డ్రగ్స్ అమ్మితే తప్పనిసరి జైలు. వినడానికి ఎవరైనా ఒప్పుకునేదే, ఏ తల్లయినా సంతకం పెట్టేదే. ఇప్పుడు న్యూవార్క్ మ్యాప్ తీసుకుని ప్రతి స్కూలు చుట్టూ కాంపస్‌తో గుండ్రంగా గీయండి. స్కూళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక సున్నా ఇంకో సున్నా మీదికి ఎక్కుతుంది. కాసేపటికి ఊరి మ్యాప్‌లో తెల్లగా మిగిలిన చోటు వెతుక్కోవాలి. అదే ఊళ్లు పలచగా ఉండి, ఇళ్లు దూరం దూరంగా ఉన్న టౌన్‌షిప్ మ్యాప్ మీద గీయండి. రెండు మూడు సున్నాలు పడతాయి, మిగతాదంతా ఖాళీ. స్కూలు పిల్లలకు అమ్మకపోయినా, అర్ధరాత్రి తన ఇంట్లో ఇంకో పెద్ద మనిషికి అమ్మినా, న్యూవార్క్‌లో ఉన్నవాడు ఆ సున్నాలోనే ఉన్నట్టు. ఆ చట్టం కింద జైలుకు వెళ్లినవాళ్లలో 96 శాతం మంది నల్లజాతి వాళ్లు, హిస్పానిక్ వాళ్లేనని 2005లో రాష్ట్ర శిక్షల సమీక్షా కమిషనే చెప్పింది. 2010లో గానీ జడ్జీలకు సడలింపు ఇవ్వలేదు.

ఈ రెండు మ్యాపులు గీస్తున్న చేతిని పైనుంచి కెమెరా పెట్టి తీస్తే నిమిషం వీడియో. కాంపస్ ములుకు కాగితంలో దిగే చప్పుడు, పెన్సిల్ గీసుకుపోయే చప్పుడు. మొదటి మ్యాప్‌కు అది ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది, రెండో మ్యాప్‌కు రెండు మూడుసార్లు వినిపించి ఆగిపోతుంది. మధ్యలో ఎవరూ 'వివక్ష' అని ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

ఇలాంటి పని ఇప్పటికే బాగా చేసినవాళ్లున్నారు. 2016 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక వీడియో సుమారు నాలుగు నిమిషాలు ఉంటుంది. ర్యాపర్ జే-జీ మాట్లాడతాడు, మోలీ క్రాబాపుల్ అనే చిత్రకారిణి బొమ్మలు గీస్తుంది. తెల్ల కాగితం, సిరా, కుంచె. ఆమె చేయి వేగంగా కదులుతూ ఉంటే మనుషులు, పోలీసులు, జైలు ఊచలు ఒక్కొక్కటే పుట్టుకొస్తాయి. జే-జీ గొంతు ఎక్కడా హెచ్చదు. 1986లో తాను ఎదుగుతున్న రోజుల నుంచి మొదలుపెట్టి, ఒకప్పుడు వీధిలో గంజాయి అమ్మినవాడికి జైలు ఇచ్చిన దేశంలో ఇప్పుడు అదే వ్యాపారానికి పెట్టుబడిదారులు ఎగబడుతున్నారని, పాత కేసులున్న నల్లజాతి వాళ్లకు ఆ వ్యాపారంలోకి దారి లేదని మామూలుగా మాట్లాడుతున్నట్టే చెప్తాడు. బ్రూక్లిన్‌లో పెరిగి, కుర్రతనంలో క్రాక్ అమ్మానని దాచుకోకుండా చెప్పుకున్న మనిషి గొంతు అది. ఆ గొంతుకు వెనక ఏ విలన్ మ్యూజిక్ వేసినా అతకదు.

గీసిన బొమ్మ ఎందుకంత బలంగా తగులుతుందో నా వృత్తి అనుభవంతో చెప్తాను. నిజమైన ఫుటేజ్ వాడితే బేడీలు వేసిన ఒక మనిషి ముఖాన్ని మళ్లీ మళ్లీ చూపించాలి. అతను విడుదలై ఇంటికి పోయినా ఆ ముఖం మాత్రం తెర మీద ఎప్పటికీ ఖైదీయే. బొమ్మలో ఎవరి పరువూ పోదు. ఇంకా ముఖ్యమైనది, గీస్తున్న చేయి కనపడుతుంది. జైలు గోడ దానంతటదే మొలవలేదు, ఎవరో ఒక్కో గీతా గీస్తే లేచిందన్న సంగతి చూస్తున్నవాడికి చెప్పకుండానే తెలిసిపోతుంది.

అదే ఏడాది వచ్చిన ఏవా డువెర్నే డాక్యుమెంటరీ '13త్' కూడా మీ కమిటీ కూర్చుని చూడాలి. మాట్లాడేవాళ్ల నోట 'క్రిమినల్' అన్న మాట వచ్చినప్పుడు ఆ మాట పెద్ద అక్షరాలతో తెర మీద పడుతుంది. కొంతసేపటికి మనం దాని కోసం ఎదురుచూడటం మొదలుపెడతాం, ఎన్నిసార్లు పడుతోందో చూసి గాభరా పడతాం. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పాట వస్తుంది, పాట మాటలు తెర మీద నడుస్తాయి. ర్యాప్‌ను ప్రమాదానికి గుర్తుగా వాడలేదు. ఆ మనుషులు తమ గురించి చెప్పుకునే సాక్ష్యంగా పెట్టారు. మీ వీడియోలో బీట్ మాత్రం తీసుకుని, మాటలు తీసేశారు.

ఇక పెనం కథ. 1987లో పార్ట్‌నర్‌షిప్ ఫర్ ఎ డ్రగ్-ఫ్రీ అమెరికా వాళ్ల ప్రకటన వచ్చింది. కాలిన పెనంలో గుడ్డు కొట్టి, చుయ్‌మనే చప్పుడు వినిపించి, డ్రగ్స్ తీసుకుంటే మీ మెదడు ఇంతే అన్నారు. అమెరికాలో పెరిగిన ఆ తరం వాళ్లెవరిని అడిగినా ఆ చప్పుడు గుర్తుంటుంది. 1997లో రేచల్ లీ కుక్ అనే నటి చేత అదే పెనంతో వంటగది మొత్తం పగలగొట్టించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2017 ఏప్రిల్ 20న, ఆ నటే మళ్లీ పెనం పట్టుకుని ఇంకో వీడియోలో కనిపించింది. ఈసారి ముందు రెండు గుడ్లు ఉన్నాయి, ఒకటి తెల్లది, ఒకటి గోధుమ రంగుది. డ్రగ్స్ వాడినా ఎప్పుడూ అరెస్టు కాని లక్షల మంది అమెరికన్లలో తెల్ల గుడ్డు ఒకటి. పెనం దెబ్బ పడింది గోధుమ రంగు గుడ్డు మీద. వినపడే చప్పుడు పెనానిదే. 1987లో భయపెట్టడానికి వాడిన వస్తువుతోనే 2017లో అన్యాయం ఏమిటో చూపించారు. ఒక శబ్దానికి పాత అర్థం తీసేసి కొత్త అర్థం ఇవ్వగలిగితే నా వృత్తిలో అంతకన్నా పెద్ద విజయం లేదు.

మనకెందుకు ఈ గొడవ, పిల్లలకు 'డ్రగ్స్ వద్దు' అని చెప్తే చాలదా అంటారేమో. మనలో చాలామంది ఈ దేశానికి రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల. నల్లజాతి వాళ్లు దెబ్బలు తిని, ప్రాణాలు పోగొట్టుకుని సాధించిన పౌరహక్కుల చట్టాల వెంటే ఆ చట్టం వచ్చింది. వాళ్ల పిల్లలను మన పిల్లలకు దెయ్యాలుగా చూపించడం తగదు.

పైగా మన పిల్లలకు నిజంగా పనికొచ్చే సమాచారం ఆ వీడియోలో లేనే లేదు. గ్రీన్ కార్డు ఉన్నా సరే, డ్రగ్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయొచ్చు. సొంత వాడకానికి 30 గ్రాములు, అంతకన్నా తక్కువ గంజాయి ఒక్కసారి దొరికిన కేసు ఒక్కటే దానికి మినహాయింపు. 2022 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పెద్దవాళ్లు గంజాయిని షాపులో కొనుక్కోవచ్చు. కానీ ఫెడరల్ చట్టంలో అది నేరమే. సిటిజెన్‌షిప్ దరఖాస్తు పెట్టినప్పుడు అడ్డు రావచ్చని 2019లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగానే రాసింది. ఎఫ్-1 మీద చదువుతున్న మన పిల్లవాడికి, హెచ్-4 మీద ఉన్న అమ్మాయికి ఇది తెలియాలి. డ్రగ్స్ మీద యుద్ధం అని మొదలుపెట్టిన చట్టాల వలలో ఇదీ ఒక భాగమే. అది ముందు నల్లజాతి వాళ్ల మీద పడింది, ఇప్పుడు వలస వచ్చినవాళ్ల మీదా పడుతోంది. మలుపులో నిలబడ్డ హుడీ కుర్రాడి వల్ల మన పిల్లవాడికి వచ్చే ప్రమాదం కన్నా, మాత్ర ఇచ్చే క్లాస్‌మేట్ వల్లా, ఇంట్లో మందుల అలమరా వల్లా, ఏ రూల్ తెలియకపోవడం వల్లా వచ్చే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి కొత్త వీడియోలో ఇవి ఉండాలని కోరుతున్నాను. నకిలీ మాత్రల గురించి నేరుగా చెప్పండి, డోసు ఎక్కువైనవాళ్ల ప్రాణం కాపాడే నలాక్సోన్ మందు ఎలా వాడాలో చేసి చూపించండి. ఇమిగ్రేషన్ లాయర్‌తో రెండు నిమిషాలు మాట్లాడించండి. ఆ చెంచా, ఆ ప్యాకెట్, ఆ మ్యాపులు పెట్టండి. స్టాక్ ఫుటేజ్‌లోంచి ఎవరి ముఖాన్నీ నేరస్థుడిగా వాడొద్దు. సైరన్ వద్దు. వీణ ఒకరికీ బేస్ ఇంకొకరికీ పంచొద్దు. మన సంఘాల్లో డబ్బులకు ఇబ్బంది ఉంటుందని తెలుసు. నేను చెప్పినవన్నీ ఒక ఫోనుతో, ఒక టేబుల్ మీద తీయగలిగినవే.

కన్వెన్షన్ వేదిక మీద అయితే ఇంకో దారి ఉంది. మనకు బుర్రకథ ఉంది. 1940లలో నాజర్ గారు, ప్రజానాట్యమండలి వాళ్లు పొలాల్లో, పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో ఊరి జనాన్ని కూర్చోబెట్టి దొరల అన్యాయాన్ని చెప్పింది ఆ రూపంలోనే. తంబుర, అందెలు, రెండు గుమ్మెటలు, ముగ్గురు మనుషులు. కథకుడు కథ నడుపుతుంటే హాస్యం వంత నవ్విస్తాడు, రాజకీయం వంత ఆపి ప్రశ్నలు వేస్తాడు. అయిదు గ్రాములకు అయిదేళ్లేమిటి, అరకిలోకీ అయిదేళ్లేమిటి అని ఆ వంత అడిగితే, గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి ఆగితే, వెయ్యి మంది ఉన్న హాలులో ఆ దెబ్బ ఎలా మోగుతుందో ఊహించుకోండి. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ర్యాప్ వింటారు. తమ వాడ కష్టాన్ని తాళానికి కట్టి చెప్పే పద్ధతి తమ ముత్తాతల ఊళ్లోనూ ఉండేదని వాళ్లకు తెలిస్తే ఆ సంగీతం భయపెట్టేదిగా అనిపించదు. ఆ ఊళ్లోనే ఉండే నల్లజాతి కుర్రాళ్లను, వాళ్ల చర్చి యువజన బృందాన్ని పిలిచి ఒకే వేదిక మీద ఇద్దరి చేతా చేయించండి. వాళ్ల గురించిన కథను వాళ్లు లేకుండా చెప్పొద్దు.

సౌండ్ పని మొత్తం నేను డబ్బు తీసుకోకుండా చేస్తాను, బుర్రకథ రికార్డింగ్ కూడా. స్క్రిప్టు రాసేటప్పుడు మాత్రం పెద్దవాళ్లమే కూర్చోకుండా కనీసం సగం మంది హైస్కూలు పిల్లలు ఉండేలా చూడండి, రోజూ ఆ స్కూళ్లకు వెళ్లేది వాళ్లే. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ విషయం పెట్టి, ఏం నిర్ణయించారో సభ్యులందరికీ తెలియజేయండి. పాత వీడియోను సంఘాల యూట్యూబ్ పేజీల నుంచి, ఫేస్‌బుక్ పేజీల నుంచి తీసేయడానికి మాత్రం సమావేశం దాకా ఆగొద్దు, ఈ వారమే తీసేయండి.

ఇట్లు,
న్యూ జెర్సీ నుంచి ఒక తెలుగు సౌండ్ ఎడిటర్